చేతి మీద పావలా



పావలా కాసు గుర్తుందా మీకు? మా చిన్నతనంలో పావలా అంటే తక్కువ డబ్బేం కాదు. చొక్కా జేబు నిండా వేయించిన బఠాణీలు వచ్చేవి. అంతటి పావలాని తీసి, వారానికి రెండు సాయంత్రాలు, నా కుడిచేతి వెనకభాగం మీద పెట్టి, "ఊఁ, బజావో" అనేవారు ఒకావిడ.

సికింద్రాబాదులో, లాలాగూడ రైల్వే క్వార్టర్లలో ఉండేవారు. ఆంగ్లో ఇండియన్. వాళ్ళ నాన్న ఇంజను డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. అసలు పేరు వేరే ఉంది గానీ, మాకందరికీ ఆవిడ మిస్సమ్మే. మోకాళ్ళ కిందికి గౌను, గుండ్రటి కళ్ళజోడు, సగం ఉర్దూ సగం తెలుగు. ముందుగదిలో గోడకు ఆనించి పాత పియానో ఉండేది. వానాకాలం వస్తే దాని మెట్లు రెండో మూడో చెమ్మకు ఉబ్బిపోయేవి. నొక్కితే కిందికి వెళ్ళేవి, పైకి వచ్చేవి కావు. మిస్సమ్మ వాటిని గోటితో పైకి లేపుతూనే పాఠం చెప్పేవారు. మెట్లు అంటున్నానేమిటని అనుకోకండి. హార్మోనియానికి మెట్లు అంటాం కదా, పియానోకీ అవే.

పందెం ఏమిటంటే, పాఠం పూర్తయ్యేదాకా పావలా చేతి మీంచి జారకపోతే అది నాది. జారితే ఆవిడది. రెండేళ్ళు నేర్చుకున్నాను. గెలిచిన పావలాలు ఒక చేతివేళ్ళతో లెక్కపెట్టొచ్చు.

ఆ పావలా ఆవిడ సొంత ఆలోచన అనుకునేవాణ్ణి. కాదు. ఆవిడకు కాన్వెంటులో నేర్పిన సిస్టరమ్మ కూడా నాణెమే పెట్టేదట. ఆ సిస్టరమ్మకు ఇంకెవరో. ఐరోపాలో రెండు వందల ఏళ్ళ కిందటే పియానో పంతుళ్ళు పిల్లల చేతుల మీద నాణేలు పెట్టేవారు. మణికట్టు కదలకూడదు, వేళ్ళే పనిచెయ్యాలి, అదీ లెక్క. అంటే ఆ పావలా చేతులు మారి, సముద్రాలు దాటి, లాలాగూడ దాకా వచ్చిందన్నమాట.

ఈ రోజు మీతో మాట్లాడాలనుకున్నది దాని గురించే. పియానో నేర్పేవాళ్ళ గురించి. వాళ్ళు ఎక్కణ్ణుంచి వచ్చారు, ఎవరి దగ్గర నేర్చుకున్నారు, ఆ నేర్చుకున్నది వాళ్ళ పాఠంలోకి ఎలా దిగింది. నేర్చుకున్నదే కాదు, నేర్చుకోలేకపోయింది కూడా.

ముందు వియన్నా వెళదాం. కాలం 1801 ప్రాంతం. పదేళ్ళ పిల్లవాడు తండ్రి చెయ్యి పట్టుకుని ఒక ఎత్తయిన మేడ మెట్లు ఎక్కుతున్నాడు. ఐదో అంతస్తో ఆరో అంతస్తో. పిల్లవాడి పేరు కార్ల్ చెర్నీ. తండ్రి కూడా పియానో పంతులే. తలుపు తెరిస్తే గదంతా చిందరవందర. కాగితాలు, బట్టలు ఎక్కడివక్కడే. పియానో ముందున్న కుర్చీ తప్ప కూర్చోడానికి ఇంకో కుర్చీ లేదు, ఆ ఒక్కటీ ఊగులాడుతోంది. అక్కడ ఒక మనిషి. గడ్డం గీసుకోలేదు. నల్లటి జుట్టు రేగిపోయి ఉంది. ఒంటి మీద బొచ్చు బొచ్చుగా ఉన్న ముదురు రంగు కోటు. పిల్లవాడికి రాబిన్సన్ క్రూసో గుర్తొచ్చాడట. చెవుల్లో ఏదో పసుపుపచ్చటి మందులో ముంచిన దూది.

ఆయన బీథోవెన్. చెర్నీ పెద్దయ్యాక తన ఆత్మకథలో ఈ సంగతులన్నీ రాసుకున్నాడు. ఆయన చెవుడు సంగతి మీకు తెలిసే ఉంటుంది, చెవిలో దూది అప్పటికే ఉందంటే ఆలోచించండి.

కుర్రవాడు వాయించాడు. బీథోవెన్ శిష్యుడిగా తీసుకున్నాడు. మరి అంతటి మహానుభావుడు మొదట ఏం నేర్పాడు? గొప్ప గొప్ప రచనలా? కాదు. స్కేళ్ళు. మన భాషలో చెప్పాలంటే ఆరోహణ, అవరోహణ. మొదటి పాఠాల్లో అవే. చెయ్యి ఎలా పెట్టాలి, వేళ్ళు ఎలా వంచాలి, అన్నిటికన్నా ముఖ్యంగా బొటనవేలిని ఎలా వాడాలి. ఆ తర్వాత, ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి తెగకుండా ఎలా వెళ్ళాలి. ఒక పుస్తకం కొనమని తండ్రికి చెప్పాడు. అది సెబాస్టియన్ బాఖ్ కొడుకు ఇమాన్యుయెల్ బాఖ్ రాసిన వాద్య పాఠాల పుస్తకం. చూశారా, అక్కడా పాత పావలాయే.

ఆ పిల్లవాడు పదిహేనో ఏట నుంచే పాఠాలు చెప్పడం మొదలుపెట్టాడు. ముప్ఫై ఏళ్ళు చెప్పాడు. రోజుకు పది పన్నెండు గంటలు. పెళ్ళి చేసుకోలేదు. అమ్మానాన్నలు బతికున్నన్నాళ్ళూ వాళ్ళ దగ్గరే ఉన్నాడు. పగలు పాఠాలు, రాత్రి రాతలు. ఆయన రచనల సంఖ్య 800 దాటింది. అందులో సాధన పాఠాల పుస్తకాలు బోలెడు. ప్రపంచంలో ఏ మూల పియానో నేర్చుకునే పిల్లవాడైనా చెర్నీ పేరు చెబితే మూతి ముడుస్తాడు. మన పిల్లలు సరళీ స్వరాలు, జంట స్వరాలు అంటే ముడిచినట్టు.

ఈ చెర్నీ దగ్గరికి 1819లో హంగరీ నుంచి ఒక తండ్రి కొడుకుని తీసుకొచ్చాడు. కుర్రవాడికి ఎనిమిదేళ్ళు. పాలిపోయిన ముఖం. స్టూలు మీద కూర్చుని తాగినవాడిలా ఊగుతూ వాయిస్తున్నాడు. కింద పడతాడేమోనని చెర్నీకి భయం వేసింది. వేళ్ళకు ఒక పద్ధతంటూ లేదు. అయినా ఆ చేతుల్లో ఏదో ఉంది. ఆ పిల్లవాడే ఫ్రాంజ్ లిస్ట్. తర్వాత ఐరోపాని ఊపేసినవాడు.

మూడేళ్ళకు కుటుంబమంతా వియన్నా వచ్చేసింది. చెర్నీ పాఠం మొదలుపెట్టాడు. ఏం పాఠం? మళ్ళీ స్కేళ్ళే. బీథోవెన్ తనకు చెప్పినవే. ఫీజు మాత్రం తీసుకోలేదు. తండ్రి ఇవ్వబోయినా వద్దన్నాడు.

ఇక్కడ కాస్త ఆగి ఒక సంగతి చెప్పాలి. లిస్ట్ ముసలివాడయ్యాక వైమర్ అనే ఊళ్ళో మధ్యాహ్నం వేళల్లో పాఠాలు చెప్పేవాడు. ఎక్కడెక్కడి నుంచో కుర్రవాళ్ళు, ఆడపిల్లలు వచ్చేవారు. తాము వాయించదలచుకున్న నొటేషన్ కాగితాలను పియానో మీద దొంతరగా పెట్టేవారు. ఆయన వచ్చి, ఒక్కొక్కటీ తిరగేసి, ఇది ఎవరిది అని అడిగి వాయించమనేవాడు. ఫీజు లేదు. ఒక్క కాసు తీసుకునేవాడు కాదు. చెర్నీ ఆయన దగ్గర తీసుకోలేదు, ఆయన వీళ్ళ దగ్గర తీసుకోలేదు. సరే, మరి స్కేళ్ళు? వేళ్ళ సాధన? అవి నేర్పేవాడు కాదు! వేళ్ళ తంటాలు మీ ఇంట్లో పడండి, నా దగ్గర సంగీతమే అనేవాడు. అంటే ఫీజు విషయంలో గురువు దారి, పాఠం విషయంలో తన దారి. గురువు ఇచ్చినదాంట్లో ఏది మూట కట్టుకుంటాడో, ఏది గుమ్మం దగ్గరే వదిలేస్తాడో, అది శిష్యుడి చిత్తం.

ఇంతవరకూ చెప్పింది గురువు నుంచి శిష్యుడికి వచ్చిన సంగతి. ఇప్పుడు పియానో గురువంటూ సరిగ్గా లేనివాడి సంగతి.

షోపాన్ పేరు విన్నారు కదా. పియానోకు ప్రాణం పోసినవాడు అంటారు. పోలండ్‌లో, వార్సాలో పెరిగాడు. ఆయనకు మొదట పియానో నేర్పిన పంతులు ఎవరో తెలుసా? వయొలిన్ వాయించేవాడు. జివ్నీ అనే చెక్ దేశస్థుడు, పెద్దాయన. నశ్యం పీల్చే అలవాటు. పియానోలో మహా పండితుడేం కాదు. వేళ్ళు ఇలాగే పెట్టు అని నిర్బంధించేంత తెలియదు కాబట్టి నిర్బంధించలేదు. పిల్లవాడు తన దారి తనే వెతుక్కున్నాడు. కానీ ఆ పెద్దాయన ఒక్క పని చేశాడు. బాఖ్‌ను పరిచయం చేశాడు. అప్పట్లో బాఖ్‌ను పట్టించుకునేవాళ్ళు తక్కువ. షోపాన్ మాత్రం జీవితాంతం వదల్లేదు. కచేరీ ముందు తన రచనలు కాదు, బాఖ్ వాయించుకుంటూ కూర్చునేవాడు.

1831లో షోపాన్ పారిస్ వచ్చాడు. ఇరవై ఒక్కేళ్ళు. అప్పుడు పారిస్‌లో కాల్క్‌బ్రెనర్ అని పియానోలో పెద్ద పేరు. ఆయన దగ్గర ఒక పరికరం ఉండేది. పియానో ముందు అడ్డంగా ఒక కడ్డీ. దాని మీద మణికట్లు ఆనించి వాయించాలి. చెయ్యి కదలకూడదు, వేళ్ళన్నీ సమానంగా దెబ్బ వెయ్యాలి. మన పావలాకు పెద్దన్న అనుకోండి. ఆయన షోపాన్ వాయించింది విని, నా దగ్గర మూడేళ్ళు నేర్చుకో అన్నాడు. షోపాన్ మర్యాదగా తప్పుకున్నాడు. తప్పుకుని, తన కచేరీ రచన ఒకటి ఆయనకే అంకితం ఇచ్చాడు. తప్పించుకోవడంలో కూడా ఎంత నాజూకో చూడండి.

అలాంటివాడు తను పాఠం చెప్పాల్సి వచ్చినప్పుడు ఏం చేశాడు? ఇప్పుడు మీతో ఒక చిన్న పని చేయిస్తాను. బండి నడుపుతున్నవాళ్ళు వద్దు, మిగతావాళ్ళు చెయ్యండి. మీ కుడిచేతిని మోకాలి మీద తేలిగ్గా పెట్టండి. బిగించకండి. చూడండి, మధ్య మూడు వేళ్ళూ పొడుగు. చూపుడువేలు, నడిమివేలు, ఉంగరపువేలు. ఆ చివర బొటనవేలు, ఈ చివర చిటికెనవేలు పొట్టి. అవునా? పియానోలో తెల్ల మెట్లు కింద, నల్ల మెట్లు కాస్త ఎత్తుగా, లోపలికి ఉంటాయి. మరి పొడుగు వేళ్ళు నల్ల మెట్ల మీదా, పొట్టి వేళ్ళు తెల్ల మెట్ల మీదా ఉంటే చెయ్యి ఎంత హాయిగా ఉంటుంది! షోపాన్ మొదటి పాఠం అక్కడే మొదలుపెట్టేవాడు. మూడు పొడుగు వేళ్ళూ మూడు నల్ల మెట్ల మీద. రెండు పొట్టి వేళ్ళూ తెల్ల మెట్ల మీద.

మిగతా పంతుళ్ళంతా సి మేజర్‌తో మొదలుపెడతారు. అన్నీ తెల్ల మెట్లే కదా, చదవడానికి సులువని. సి మేజర్ అంటే ఇంకేం కాదు, మన శంకరాభరణం. చూడ్డానికి సులువే గానీ చేతికి అదే అన్నిటికన్నా కష్టమని షోపాన్ దాన్ని చివరికి నెట్టేశాడు. కంటికి సులువైన చోటు కాదు, చేతికి సులువైన చోటు. మనకూ ఈ ఆలోచన కొత్త కాదు. సరళీ స్వరాలు శంకరాభరణంలో మొదలుపెట్టరు, మాయామాళవగౌళలో మొదలుపెడతారు. పురందరదాసు వేసిన దారి అంటారు. ఎక్కడ మొదలుపెట్టాలన్నదే గురువు చేసే మొదటి నిర్ణయం.

వేళ్ళన్నీ సమానం చెయ్యాలన్న మాట కూడా షోపాన్‌కు నచ్చేది కాదు. ఒక్కో వేలిది ఒక్కో స్వభావం, దాన్ని చంపొద్దు అనేవాడు. పాఠానికి ఇరవై ఫ్రాంకులు. చాలా ఖరీదు. డబ్బు చేతికి తీసుకునేవాడు కాదు, శిష్యురాలు చలిమంట పొయ్యి పైన ఉన్న పలక మీద పెట్టి వెళ్ళాలి. పాఠం బాగా సాగితే గంట కాస్తా గంటలయ్యేది. బాగా సాగకపోతే పెన్సిళ్ళు విరిగేవి. ఇంకోటి, పియానో బాగా వాయించాలంటే ముందు వెళ్ళి మంచి గాయకుల పాట వినమనేవాడు. వయొలిన్ పంతులు పెంచిన చెవి మరి.

నేర్చుకోనిది కూడా పాఠంలోకి దిగుతుందని అందుకే అన్నాను.

ఇక ఇంకో తండ్రి. జర్మనీలో, లైప్‌జిగ్‌లో. పేరు ఫ్రీడ్రిష్ వీక్. చదివింది క్రైస్తవ మత శాస్త్రం. చేసింది పియానోల వ్యాపారం. స్వయంగా గొప్ప వాద్యకారుడు కాదు. కానీ కూతుర్ని ఐరోపాలోకెల్లా గొప్ప పియానిస్టుని చేసి చూపిస్తానని పట్టుబట్టాడు. కూతురు క్లారా. నాలుగేళ్ళు దాటేదాకా ఆ పిల్లకు మాటలు రాలేదు. ఐదో ఏట పాఠం మొదలు. ఆయన పద్ధతి, నిజం చెప్పాలంటే, చాలా మంచిది. మొదట్లో నొటేషన్ చూపించలేదు. విని వాయించడమే నేర్పాడు. సాధనకు గంటలు మితం. రోజూ బయట నడక తప్పనిసరి. తొమ్మిదో ఏట ఆ పిల్ల వేదిక ఎక్కింది.

అయితే ఇంకో సంగతి ఉంది. క్లారా పేరు మీద ఒక డైరీ ఉండేది. అందులో "నేను" అని ఉంటుంది. ఆ "నేను" రాసింది తండ్రి! కూతురి చేత మాట్లాడించాడు, వాయింపించాడు, చివరికి కూతురి డైరీ కూడా తనే రాశాడు. ఆ ఇంట్లోనే ఉండి నేర్చుకున్న రాబర్ట్ షూమన్ అనే శిష్యుణ్ణి ఆమె పెళ్ళి చేసుకుంటానంటే కాదన్నాడు. కోర్టు దాకా వెళ్ళారు. 1840లో, ఆమె ఇరవై ఒకటో పుట్టినరోజుకు సరిగ్గా ఒక్కరోజు ముందు పెళ్ళయింది. పద్ధతి మంచిదైతే మనిషి మంచివాడు కావాలని లేదు. ఆ పద్ధతిని మాత్రం క్లారా పారేయలేదు. 1878లో ఫ్రాంక్‌ఫర్ట్ సంగీత కళాశాలలో తనూ పంతులమ్మ అయింది.

రష్యా సంగతి త్వరగా చెప్పేస్తాను. హైన్రిష్ నెయ్‌గౌజ్ అని మాస్కోలో గొప్ప గురువు. అమ్మా నాన్నా ఇద్దరూ పియానో పంతుళ్ళే. ఊళ్ళో పిల్లలందరికీ చెప్పేసరికి సొంత కొడుక్కి చెప్పే తీరిక వాళ్ళకు లేకపోయింది. చాలావరకు తనంతట తనే నేర్చుకున్నాడు. పంతుళ్ళ పిల్లలకు ఈ బాధ తెలుస్తుంది. ఆయన తరగతి గదికి తలుపులు మూసేవారు కాదు. ఒకరు నేర్చుకుంటుంటే పదిమంది కూర్చుని వినేవారు. ఆయన చెప్పిన సాధనల్లో ఒకటి నాకు చాలా ఇష్టం. ఒక్క మెట్టు నొక్కి, వేలు తియ్యకుండా ఆ నాదం పూర్తిగా ఆరిపోయేదాకా వినడం. అంతే. వాయించడం కాదు, వినడం.

మరి మన దగ్గరికి వద్దాం.

పియానో అంటే మనవాళ్ళలో చాలామందికి పాత సినిమాలే గుర్తొస్తాయి. పుట్టినరోజు పార్టీ, కోటు వేసుకున్న హీరో, పియానో ముందు కూర్చుని విరహ గీతం. చేతులు ఎటు పోతున్నాయో, స్వరం ఎటు పోతోందో సంబంధం ఉండదు. నిజంగా నేర్పినవాళ్ళు తెర మీద కనపడలేదు. వాళ్ళు చర్చిల్లో, కాన్వెంటుల్లో, రైల్వే కాలనీల్లో ఉండేవారు. వాళ్ళకు ఒక చిక్కు. వచ్చిన ప్రతి తల్లీ అడిగేది, "మా వాడికి ఒక త్యాగరాజ కీర్తన వాయించడం నేర్పండమ్మా" అని. మెట్ల మధ్య గమకం ఎక్కడి నుంచి వస్తుంది? ఈ గొడవ మామూలుది కాదు. ఆకాశవాణిలోనే 1940 నుంచి 1971 దాకా హార్మోనియానికి ప్రవేశం లేదు. మెట్ల వాద్యం మన సంగీతానికి పనికిరాదని.

అదే కాలంలో మద్రాసులో, మైలాపూరులో, ఒక లాడ్జి గదిలో ధన్‌రాజ్ మాస్టారు ఉండేవారు. పియానో, గిటారు, పాశ్చాత్య సంగీత శాస్త్రం చెప్పేవారు. పల్లెటూళ్ళలో అన్నతో కలిసి హార్మోనియం పట్టుకు తిరిగిన ఒక యువకుడు ఆయన దగ్గరికి వచ్చాడు. ఊరి పాటంతా చెవిలో ఉంది, నొటేషన్ చదవడం రాదు. మాస్టారు బాఖ్‌నూ బీథోవెన్‌నూ కాగితం మీద చూపించారు. ఆ యువకుణ్ణి మనం ఇళయరాజా అంటాం. ఆ మాస్టారి దగ్గరే చిన్నతనంలో నేర్చుకున్న ఇంకో కుర్రవాడు రెహమాన్. ఆయన 2008లో చెన్నైలో సంగీత కళాశాల పెట్టారు. అక్కడ రష్యన్ పద్ధతిలో పియానో నేర్పారు. లాడ్జి గదిలో మొదలైన పాఠం ఎక్కడ తేలిందో చూడండి.

ఇప్పుడు మా మిస్సమ్మ దగ్గరికి వస్తాను.

ఆవిడ పరీక్షలకు వెళ్ళిన మనిషి కాదు. గోడ మీద సర్టిఫికెట్లు లేవు. చేసిన ఉద్యోగం ఒక్కటే. ఆదివారం ఆదివారం చర్చిలో భక్తిగీతాలకు వాయించడం. దాంతో ఆవిడకు ఒక అలవాటు వచ్చింది. చర్చిలో రెండు వందల మంది పాడుతూ ఉంటారు. మధ్యలో వేలు జారి తప్పు మెట్టు మీద పడిందనుకోండి, ఆగి సరిచేసుకోవడానికి వీలుందా? పాట వెళ్ళిపోతూనే ఉంటుంది. పరుగెత్తి అందుకోవాల్సిందే.

అందుకని పాఠంలో నేను తప్పు వాయించి ఆగితే ఆవిడకు ఎక్కడలేని కోపం వచ్చేది. తప్పు వాయించినందుకు కాదు, ఆగినందుకు. "రుకో మత్, బాబా! జనం పాడుతున్నారు!" ఆ గదిలో జనం ఎవరూ లేరు. నేను, ఆవిడ, కిటికీలో ఒక పిల్లి. అయినా ఆవిడకు వినిపించేవారు.

రెండేళ్ళ తర్వాత ఆవిడ విదేశంలో ఉన్న వాళ్ళ అన్నయ్య దగ్గరికి వెళ్ళిపోయారు. నాన్న నన్ను ఇంకో మాస్టారి దగ్గర చేర్చారు. ఆయన లండన్ సంగీత పరీక్షలన్నీ వరసగా పాసైన మనిషి. చాలా విద్వత్తు. పెన్సిలు పట్టుకుని పక్కన కూర్చునేవారు. ఒక్క స్వరం తప్పితే టక్కుమని పియానో చెక్క మీద పెన్సిలుతో కొట్టేవారు. ఆగు. మళ్ళీ మొదటి నుంచి. పరీక్ష గదిలో ప్రతి తప్పుకూ మార్కు పోతుంది కదా, ఆయన పెరిగింది ఆ గదుల్లో. ఆయన్ని తప్పుపట్టను. ఆయన దగ్గరే నాకు శుభ్రంగా వాయించడం వచ్చింది. కానీ ఆయన దగ్గర నేర్చుకున్న ఏ పాటా చివరిదాకా వాయించిన గుర్తు లేదు. మొదటి పేజీలు మాత్రం ఇప్పటికీ వచ్చు.

చాలా ఏళ్ళు గడిచాయి. పియానో పోయింది, కలం మిగిలింది. మొట్టమొదటిసారి రేడియోలో ప్రసంగానికి పిలిచారు. అప్పట్లో కొన్ని ప్రసంగాలు నేరుగా ప్రసారమయ్యేవి. గాజు అద్దం అవతల ఎర్ర దీపం వెలిగింది. చదవడం మొదలుపెట్టాను. మూడో కాగితం తిప్పితే ఐదోది వచ్చింది. నాలుగోది లేదు. వెనక చూశాను, లేదు. చెమటలు పట్టాయి. నోరు ఆగిపోబోయింది.

అప్పుడు నా కుడిచేతి మీద, సరిగ్గా పావలా ఉండే చోట, ఏదో చల్లగా తగిలినట్టయింది. జనం పాడుతున్నారు. నాలుగో కాగితంలో ఏముందో నోటికొచ్చినట్టు చెప్పుకుంటూ ఐదో కాగితంలోకి వెళ్ళిపోయాను.

ఇంటికి వచ్చాక మా ఆవిడ, "బాగానే ఉంది గానీ మధ్యలో ఒకచోట ఇంకా బాగుంది, అక్కడ చదువుతున్నట్టు లేదు" అంది.